చేపలు లేని నీళ్లు

మేము కిరాయి ఇల్లు మారి పోతిరెడ్డిపల్లికి వచ్చేటప్పటికి నా భార్య కువైట్‌లో నర్సు. క్రిస్మస్‌కు వస్తానంది. బీరువా ఏమైంది, మంచం ఏమైందని అడగలేదు గానీ, తన అక్వేరియం గురించి మాత్రం ఫోన్లో ఒకటే జాగ్రత్తలు.

"పాత చేపలు దుకాణంల ఇచ్చెయ్యి. ఫిల్టర్‌ల స్పాంజి మాత్రం కడగకు. మేలు చేసే బ్యాక్టీరియా దాంట్లనే ఉంటది. అదుంటే కొత్త నీళ్లు చేపలకు జల్దీ తయారైతయి. కొత్త చేపలను నేనే వచ్చి, నా చేతుల్తోని ఇడుస్త."

స్పాంజి ఆరిపోకుండా తొట్టి నీళ్లలోనే ఉంచి, బకెట్లో తెచ్చాను. మర్నాడు డ్యూటీ నుంచి వచ్చి చూద్దును కదా, అది దండెం మీద సర్ఫ్ వాసనతో తెల్లగా ఆరుతోంది! పాస్టరు గారు ఇంటి ప్రార్థనకు వస్తారని మా అమ్మ కంటికి కనిపించిందల్లా వేడినీళ్లలో ఉతికేసింది.

"గంత గలీజు ముక్క కొత్తింట్ల పెట్టుకుంటరారా?"

ఏం చెప్పను, నా ఖర్మ! ఫోన్లో చెబితే నా భార్య ఏడ్చింది. "ఆ ఇంట్ల నా చేతిది అదొక్కటే ఉండె గదా" అంది.

మళ్లీ మొదటికొచ్చాం. పైగా చలికాలం, పొద్దున్నే నీళ్లలో వేలు పెడితే జివ్వుమనేది. చల్లటి నీళ్లలో బ్యాక్టీరియా సరిగా పెరగదని ఆమే చెప్పింది. హీటర్ కొని ఇరవై ఏడు డిగ్రీల దగ్గర పెట్టాను. రోజూ చిటికెడు మేత వేసేవాణ్ణి. అది కుళ్లి అమ్మోనియా వస్తేనే బ్యాక్టీరియాకు తిండి.

అమ్మ నవ్వేది. "చేపలే లేవు, మేత ఎవలకురా? పిచ్చి గిట్ల లేసిందా?"

"నీ కోడలొస్తది గదనే!"

సాయంత్రం పాశమైలారం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి రాగానే, బూట్లైనా విప్పకుండా తొట్టి గాజుకు అరచెయ్యి ఆనించేవాణ్ణి. వెచ్చగా ఉండేది. అప్పుడే ఆమె మీద మరీ బెంగ పుట్టేది.

తొట్టి నీళ్లు చిన్న గాజు గొట్టంలోకి తీసి పరీక్ష చుక్కలు వేసినప్పుడల్లా ఆకుపచ్చగా మారేవి. అంటే బ్యాక్టీరియా తినెయ్యని అమ్మోనియా ఇంకా ఉన్నట్టు, అది చేపలకు విషం. ఇంట్లో నక్షత్రం కట్టాం, కేకుకు చెప్పాం, నీళ్లు మాత్రం తయారు కాలేదు. చివరికి ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి చూస్తే, చుక్కలు వేసిన నీళ్లు ఆకుపచ్చ కాలేదు, పసుపుగా ఉన్నాయి; అమ్మోనియా పోయింది. గంతులొక్కటే తక్కువ నాకు. వెంటనే వీడియో కాల్ చేశాను.

"నీళ్లు తయారైనయి! ఇగ నువ్వొచ్చుడే ఆలస్యం."

ఫోన్ తొట్టి వైపు తిప్పి చూపించాను.

"హీటర్ బంద్ చెయ్యకు" అంది.

"చెయ్య."

"చేపలను... నువ్వే ఇడువు."

వెనక నుంచి అమ్మ అడుగుతోంది, "ఏమంటుందిరా? ఏ రోజొస్తదట?"