జేబులో దొరికినవి

మా ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఇరవై రెండేళ్లు అదే పని చేశారు. పెళ్లయిన కొత్తలో ఈయనకి మాటలు రావేమోనని నేను నిజంగానే భయపడ్డాను. అడిగినదానికి "ఊ" అనేవారు, అడగనిదానికి అదీ లేదు. మా తమ్ముడు కూడా అదే కంపెనీలో ఆయనకి జోడీగా పనిచేసేవాడు. "బావ రోజు మొత్తం మీద మాట్లాడే మాటలు రెండే అక్కా, పైకి, కిందకి" అని వాడు పడీ పడీ నవ్వేవాడు. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఇద్దరి వంతూ నేనే మాట్లాడేదాన్ని.

ఆయన చెడ్డమనిషి కాదు. పైఅంతస్తు ముసలమ్మ కుళాయి కారుతోందంటే చెప్పులైనా వేసుకోకుండా వెళ్లేవారు. పని చేసిన లిఫ్టు ఆగినప్పుడు, లోపలి నేలా బయటి నేలా సమానంగా ఉన్నాయో లేదో మోకాళ్ల మీద కూర్చుని వేలితో తడిమి చూసేవారు. గోరు మందం తేడా ఉన్నా మళ్లీ మేడ మీది మోటారు గదికి ఎక్కేవారు. అంత శ్రద్ధ నా మీద కూడా పెడితే బాగుండేదని అక్కసు పడిన రోజులున్నాయి.

నేను లాండ్రీలో పనిచేస్తాను. కౌంటరు నాదే, మురికి బట్టలు విడదీసే బల్లా నాదే. మా యజమానురాలిని అందరం పెద్దమ్మ అంటాం. కళ్లజోడుకి తాడు కట్టి మెడలో వేలాడదీసుకుని తిరుగుతుంది. ఆమె పెట్టిన నియమం ఒకటుంది. ఏ బట్టయినా యంత్రంలోకి పోయేముందు దాని జేబులన్నీ బయటికి తిరగెయ్యాలి. దొరికింది కాగితం కవర్లో వేసి, టోకెన్ నంబరు రాసి, ఆ బట్టకే పిన్నుతో గుచ్చాలి. తిరిగిచ్చేటప్పుడు దాని గురించి ఒక్క మాట అనకూడదు, మొహంలో కూడా ఏమీ కనబడకూడదు.

"మనం బట్టలు ఉతుకుదాం, మనుషుల్ని ఉతకొద్దు" అనేది పెద్దమ్మ.

నేను చేరిన ఏడాదే ఒక అమ్మాయి ఈ నియమం తప్పింది. ఒకాయన కోటు జేబులో రెండు సినిమా టికెట్లు దొరికితే, "సినిమా బాగుందా అండీ?" అని ఆయన భార్యని నవ్వుతూ అడిగింది. పాపం ఆవిడ ఆ సినిమా చూడలేదు. కౌంటరు ముందే పెద్ద రభస అయ్యింది. ఆ సాయంత్రానికల్లా పెద్దమ్మ ఆ పిల్లని పనిలోంచి తీసేసింది. నాకు గట్టిగా బుద్ధొచ్చింది. పదకొండేళ్లలో కట్టుడు పళ్లు చూశాను, ఎనిమిది మడతలు పెట్టిన మార్కుల కాగితం చూశాను, ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్న రాజీనామా ఉత్తరం చూశాను. ఒక్కరినీ ఒక్క మాట అడగలేదు. ఆ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

రెండేళ్ల క్రితం ఆయన పడ్డారు. లిఫ్టు అడుగున ఒక గొయ్యి ఉంటుంది. వాన నీళ్లు చేరాయంటే చూడ్డానికి దిగారు, ఇనుప నిచ్చెన మీద కాలు జారింది, వెన్ను నేలకి కొట్టుకుంది. ఎముక విరగలేదు కానీ కదిలితే ప్రాణం పోయినట్టుండేది. డాక్టరు నొప్పి మాత్రలు రాసి, రెండు వారాలు వాడి మళ్లీ రమ్మన్నాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన మంచం మీంచి నన్ను పిలిచి, "ఇదిగో, నీకో సంగతి చెప్పనా?" అన్నారు. గరిటె అక్కడే వదిలేసి పరిగెత్తాను. కొత్తగా పనిలో చేరినప్పుడు మోటారు గది కిటికీలోంచి ఊరంతా చూసి, ఇంత ఊళ్లో నాకు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరే అని ఏడ్చారట. పెళ్లయి పంతొమ్మిదేళ్లయ్యాక నాకు ఆ మాట తెలిసింది. మర్నాడు వాళ్లమ్మ గురించి చెప్పారు. ఆ మర్నాడు మా తమ్ముడి నడకని అనుకరించి చూపించబోయి, నొప్పితో "అమ్మా" అని, మళ్లీ నవ్వారు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

"మీరు ఎప్పుడో పడి ఉండాల్సింది" అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా నాలుక కోసేసుకోవాలనిపిస్తుంది.

రెండు వారాలయ్యాయి, నెలయ్యింది, ఆయన పనిలోకి వెళ్లారు. మాటలు మాత్రం పోలేదు. వంటగది గుమ్మంలో నిలబడి కబుర్లు చెప్పేవారు. నా కాళ్లు వాచాయని పీట తెచ్చి వేసేవారు. లాండ్రీకి వచ్చి పెద్దమ్మతో పరాచికాలాడితే ఆమె ముక్కున వేలేసుకుంది. ఇన్నాళ్లకి నాకూ మొగుడంటూ ఒకడు దొరికాడని మురిసిపోయాను. ఎందుకు మారారని అడగడం నాకు తోచలేదు అంటే అబద్ధం. తోచింది, పక్కకి నెట్టేశాను.

అప్పుడే ఒక శనివారం ఆయన యూనిఫాం ఉతుకుతుంటే చొక్కా జేబులో ఖాళీ మాత్రల అట్ట దొరికింది. పది గుంటలూ పగిలి ఉన్నాయి. చెయ్యి అలవాటు కొద్దీ తన పని తాను చేసేసింది. అట్ట తీసుకెళ్లి ఆయన తాళాలు పెట్టుకునే అలమార అరలో పెట్టాను. ఏమీ అడగలేదు. మర్నాటికి అది అక్కడ లేదు.

నాలుగు రోజులకి ఇంకోటి దొరికింది. తర్వాత వారానికి మూడు. ఒకసారి ప్యాంటు జేబులో డాక్టర్ల చీటీలు దొరికాయి, మూడూ మూడు వేర్వేరు క్లినిక్కులవి. ఒకదాంట్లో వెన్నునొప్పి, ఒకదాంట్లో భుజం నొప్పి, వంతెన అవతలి క్లినిక్కు చీటీలో పంటి నొప్పి. ఆయన పళ్లు రాళ్లలాంటివి, పంటితో సీసా మూతలు తీసేవారు. నాకు ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చీటీలు మూడూ మడిచి అరలో పెట్టాను.

తప్పంతా లాండ్రీ నియమం మీదకి తోసేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ అసలు సంగతి వేరు. ఆ మాటలు మాత్రల్లోంచి వస్తున్నాయని నాకు అనుమానం ఉంది. అడిగితే మాత్రలు పోతాయి, మాత్రలతో పాటు ఆ మనిషీ పోతాడు. నాకు ఆ మనిషి కావాలి. అందుకని చూసీ చూడనట్టు ఊరుకున్నాను.

చూడకుండా ఉండటం కూడా తేలిక కాదు. భోజనం చేస్తూ చేస్తూ ఆయన కళ్లు మూతలు పడేవి. ముక్కు ఒకటే గోక్కునేవారు. గంటల తరబడి బాత్రూంలో ఉండి చెమటలతో బయటికొచ్చేవారు. ఒకరోజు మాత్రలు అయిపోయాయేమో, ఇల్లంతా తిరిగి, సోఫా దిళ్లు ఎత్తి చూసి, ఏం వెతుకుతున్నారంటే నా మీద గయ్యిమన్నారు. "నడుం నొప్పి ఎక్కువైందేమో" అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఒక మంగళవారం పదకొండు గంటలప్పుడు మా తమ్ముడు లాండ్రీకి వచ్చాడు. పని వేళలో వాడు ఎప్పుడూ రాడు. కౌంటరు మీద వేలెడు పొడవున్న ఎర్ర వైరు ముక్క పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"బావ మర్చిపోయింది."

"దానికింత మొహం వేలాడేశావేం? ఇచ్చెయ్."

"అక్కా, నీకు తెలీదు, విను. తలుపులు సరిగ్గా మూసుకుంటేనే లిఫ్టు కదలాలి. పరీక్ష చేసేటప్పుడు, తలుపు తెరిచున్నా కదిలేలా ఈ ముక్క తగిలిస్తాం. పనవ్వగానే ముందు దీన్నే తీస్తాం. నిన్న బావ తియ్యలేదు. నా స్క్రూడ్రైవర్ మర్చిపోయి ఇవాళ పొద్దున్న మళ్లీ వెళ్లాను కాబట్టి చూశాను."

"ఎక్కడ?"

"కంటి ఆసుపత్రిలో. అయిదంతస్తులు. కళ్లకి కట్లు కట్టుకున్న ముసలాళ్లు ఎక్కే లిఫ్టు అక్కా. తలుపు తెరుచుకుని ఉండగానే అది కదిలిపోయుంటే?"

గోరు మందం తేడాకి మేడెక్కిన మనిషి ఆయన.

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు. చెబితే బావ ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఈసారి ఎవరి ప్రాణమో పోతుంది. నాకేం తోచక నీ దగ్గరికొచ్చాను." గొంతు తగ్గించి, "బావ ఏమైనా వాడుతున్నాడా అక్కా?" అన్నాడు.

కౌంటరు దగ్గర పదకొండేళ్లు నేర్చుకున్న మొహమే వాడికీ పెట్టబోయాను. కుదరలేదు. ఏడ్చేశాను. పెద్దమ్మ వచ్చి నా చేతిలోంచి టోకెన్ల పుస్తకం తీసుకుని, ఏమీ అడక్కుండా ఇంటికి పొమ్మంది.

ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఒంట్లో బాలేదని ఆ పూట సెలవు పెట్టారట. హ్యాంగరుకి ఉన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టి, అట్ట తీసి, వెంట తెచ్చిన వైరు ముక్కతో పాటు బల్ల మీద పెట్టాను.

"రోజుకి ఎన్ని వేసుకుంటున్నారు?"

"నొప్పి ఉంది. వేసుకుంటున్నాను."

"పంటి నొప్పా?"

ఆయన మొహం ఎర్రబడింది. "నా నొప్పి నీకేం తెలుసు? బట్టలు మడతపెట్టుకునేదానివి!" అన్నారు. ఆ మాటతో నాకూ ఒళ్లు మండింది. చీటీల సంగతి, సోఫా దిళ్ల సంగతి, కంటి ఆసుపత్రి సంగతి, అన్నీ కడిగేశాను. తలుపు వైరు దగ్గరికి వచ్చేసరికి ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ ముక్కని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పారు. ఆ తర్వాత తలెత్తారు.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"ఆరేడు నెలల్నుంచి."

"మరి అడగలేదేం?"

నేను బల్ల మీది అట్ట వైపు చూస్తూ నిలబడ్డాను.

"బయట ఎక్కడైనా చెత్తబుట్టలో పారెయ్యలేనా నేను ఆ అట్టలు?" అన్నారు ఆయన. "నువ్వు జేబులు చూడకుండా ఏ బట్టా నీళ్లలో ముంచవు. తెలిసే వదిలాను. నా అంతట నాకు చెప్పడం చేతకాలేదు. ఇవాళైనా అడుగుతుంది, రేపైనా అడుగుతుంది అని చూశాను. నువ్వేమో శుభ్రంగా తీసి అరలో పెట్టేదానివి. పొద్దున్న అది చూసి, నీకు అభ్యంతరం లేదు కాబోలు అనుకునేవాణ్ని."

ఆ మనిషి నన్ను ఎన్నిసార్లు పిలిచాడో లెక్కలేదు. నేను పలకలేదు. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద తప్పు ఇంకోటి చేసి ఉండను. నేను ఆయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి నా తల మీద వేశారు. ఇద్దరిలో ఎవరం ఎవర్ని ఓదార్చామో నాకు గుర్తులేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి డాక్టరు దగ్గరికే వెళ్లాం. మా ఆయన చీటీలు, అట్టలు అన్నీ బల్ల మీద పోశారు. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమనీ, కొద్దికొద్దిగా తగ్గించాలనీ డాక్టరు చెప్పాడు. "రెండు వారాలకి రమ్మన్నాను, మీరు రాలేదు. నేనైనా కబురు పెట్టి ఉండాల్సింది" అని అతను కూడా తల దించుకున్నాడు. అక్కణ్నుంచి మా ఆయన తిన్నగా కంపెనీకి వెళ్లి, వైరు సంగతి తనే పైఅధికారికి చెప్పారు. ఉద్యోగం పోలేదు కానీ లిఫ్టుల పని పోయింది. ఇప్పుడు విడిభాగాల గిడ్డంగిలో, మిగతా మెకానిక్కులు అడిగిన బోల్టులూ బేరింగులూ అందిస్తారు. మా తమ్ముడు వచ్చినా చీటీ చూసి వస్తువు ఇచ్చేస్తారట, తల కూడా ఎత్తరట.

మాత్రలు తగ్గించిన ఆ అయిదు నెలలూ నరకం చూశాం. వణుకు, చెమటలు, కాళ్లు వాటంతటవే ఎగిరిపడేవి. ఒకరోజు నా వైపు కంచం విసిరారు. ఇంకోరోజు నన్ను పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇప్పుడు నేను రోజూ అడుగుతాను. ఎలా ఉంది, నొప్పి ఎంత, ఆ మాత్రల మీదకి మనసు పోతోందా, అని వరసగా అడుగుతాను. ఆయన జవాబు చెబుతారు. ఒక్కో మాటే చెబుతారు.

మాత్రలు పూర్తిగా పోయాయి. వాటితో పాటు కబుర్లు కూడా పోయాయి. వంటగది గుమ్మం ఖాళీగా ఉంటుంది. నేను పంతొమ్మిదేళ్లు కాపురం చేసిన మనిషే మళ్లీ ఇంటికొచ్చాడు, ఆరోగ్యంగా ఉన్నాడు. అందుకు సంతోషించాలి. సంతోషిస్తున్నాను కూడా. కానీ పని చేసుకుంటూ ఉన్నట్టుండి గుమ్మం వైపు చూస్తాను.

పోయిన ఆదివారం మేడ మీద ఆరిన దుప్పట్లు ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెడుతున్నాం. ఆయన తన కొసలు కలుపుకుని నా దగ్గరికి వచ్చి ఆగారు.

"అప్పుడు నేను నీకు బాగా నచ్చానా?" అన్నారు.

అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఇంట్లో ఇక ఏదీ దాచకూడదని ఒట్టు పెట్టుకున్నది నేనే.

"నచ్చారు" అన్నాను.

ఆయన తలూపారు. దుప్పటి అంచు వేలితో తడిమి, నా అంచుతో సమంగా కలిపి నా చేతికిచ్చారు.

"నాకూ నచ్చాడు వాడు" అన్నారు.

నాకు దుఃఖం ఆగలేదు. ఆయన నేను తేరుకునేదాకా అక్కడే నిలబడి, ఆ తర్వాత తీగ మీంచి ఇంకో దుప్పటి తీశారు.