అందరికీ అదే అంగి

నా చిన్నప్పుడు అంటే మరీ పాతకాలమేమీ కాదు. కరోనా వచ్చిన మొదటి ఏడాది నాకు పన్నెండేళ్లు. ఆ ఏడాదిని తలచుకుని చాలామంది ఓపిక గురించీ, ఒకరికొకరు చేసుకున్న సాయం గురించీ చెబుతారు. అవి అబద్ధాలని నేను అనను. నాకు మాత్రం ఆ ఏడాది మిగిల్చింది కోపం. ఆ కోపాన్ని ఎవరి వైపు, ఎంత మేరకు తిప్పాలో ఒక మధ్యాహ్నం మా తాత నేర్పాడు.

మేము సూరత్‌లో, డిండోలిలో ఉండేవాళ్లం. తాత మా సొంతూళ్లో చేనేత మగ్గం నేసినవాడు. అది తిండి పెట్టక పవర్‌లూమ్‌లను వెతుక్కుంటూ ఇంత దూరం వచ్చాడు. మా నాన్న, అంటే బాపు, కూడా ఆ లూమ్‌ల మీదే బతికాడు. లాక్‌డౌన్ సడలించిన తర్వాత కూడా బాపు పనిచేసే షెడ్డు తెరవలేదు. పనుల్లేక జనం సొంతూళ్లకు వెళ్లిపోవడంతో వీధిలో సగం గదులకు తాళాలు వేలాడుతుండేవి. అమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని మాస్కులు కుట్టేది. సూరత్‌లో గుడ్డకు కరువు లేదు. చీరల మార్కెట్టు నుంచి వచ్చిన కత్తిరింపు ముక్కలు బస్తాలకొద్దీ మా మంచం కింద ఉండేవి. మెరిసేవి, జారేవి, ఎన్నిసార్లు ఉతికినా రంగు పోనివి. ఏ ముక్క ఎవరి మొహానికి నప్పుతుందో ఏరడం నా పని. ఆ పని నాకు గర్వంగా ఉండేది.

మా పైగదిలో ఒక వెల్డర్, ఆయన భార్య ఉండేవారు. చుట్టాలు కారు, మా జిల్లావాళ్లు. ఆయనను కాక అనీ, ఆమెను చిన్నమ్మ అనీ పిలిచేదాన్ని. కాక ఒక ఇనుప పనుల షెడ్డులో గేట్లూ, మెట్ల కటకటాలూ, మిల్లుల పైకప్పు దూలాలూ అతికేవాడు. వానాకాలం మొదట్లో ఆ షెడ్డు తెరిచారు. మూతికి మాస్కు లేనివాడు గేటు దాటరాదని యజమాని, అంటే వాళ్ల శేఠ్, నియమం పెట్టాడు. గేటు దగ్గర మనిషిని నిలబెట్టి ఒక్కొక్కరి మూతీ చూసి మరీ లోపలికి పంపేవాడట.

కాక కోసం నెమలికంఠం రంగు ముక్క ఏరి అమ్మతో మాస్కు కుట్టించాను. ఆయన దాన్ని తగిలించుకుని మా అద్దంలో చూసుకున్నాడు.

"పెండ్లిపిల్లగాని లెక్క జేస్తివి గద బిడ్డా! ఇగ మీ చిన్నమ్మ నన్ను పనికి పోనిస్తదా?"

మెట్ల మీద నుంచి చిన్నమ్మ వెంటనే అందుకుంది. "జల్దీ పో. గా మొకం సగం కనవడకుంటనే మంచిగుంది."

ఇక్కడ ఆ పని గురించి కొంత చెప్పాలి. రెండు ఇనుప ముక్కలను పూర్తిగా అతికే ముందు, అవి కదలకుండా అక్కడక్కడ ఒక్కో చుక్క పెట్టి నిలబెడతారు. దాన్ని వాళ్లు టాంకా అంటారు, కుట్టు వేయడమన్నమాట. ఆ సమయంలో ఒక చేత్తో ముక్కను పట్టుకోవాలి, రెండో చేత్తో వెల్డింగ్ రాడ్డును పట్టుకోవాలి. మొహానికి అడ్డంగా నల్లద్దం పలక పట్టుకోవడానికి మూడో చేయి ఎవరికీ లేదు. తలకు తగిలించుకునే రకం హెల్మెట్ ఉంటే ఈ చిక్కే రాదు. కాక పనిచేసే చోట అటువంటిది ఒక్కటీ లేదు. చేత్తో పట్టుకునే పలక కూడా నలుగురికి ఒకటే. అందువల్ల టాంకా వేసేటప్పుడు వాళ్లు కళ్లు గట్టిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పి, అంచనా మీద చుక్క పెట్టేవారు. అలా చేయడం చేతనైనవాణ్ణి మంచి పనివాడు అనేవారు. మొహం కాలే పద్ధతికి నైపుణ్యమని పేరు పెట్టిన మనుషుల మీద నాకు ఈనాటికీ కోపం పోలేదు.

ఆ రోజు కాక తలకంటే ఎత్తులో ఉన్న దూలానికి టాంకా వేస్తున్నాడు. కరిగిన ఇనుపబొట్టు ఒకటి పైనుంచి రాలి ఆయన చెంప మీద, నెమలికంఠం రంగు గుడ్డ మీద పడింది. నూలు గుడ్డయితే చిల్లు పడి, కాలి, రాలిపోయేది. ఇది రాలలేదు. కరిగి చర్మానికి అతుక్కుంది. మంటకు తాళలేక ఆయన దాన్ని లాగేసుకుంటే, దానితో పాటు చెంప మీది తోలు కూడా వచ్చింది. ఇంకొక బొట్టు చొక్కా కాలరు మీద పడింది. అదీ కరిగి మెడకు అంటుకుంది. పెద్దాసుపత్రి కరోనా రోగులతో నిండిపోయి ఉండటంతో వీధి చివరి డాక్టరు దగ్గరే కట్టు కట్టించి ఇంటికి తెచ్చారు. మాస్కు ముక్కను ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి చిన్నమ్మ మా గుమ్మంలో నిలబడింది. రంగు చూసి నేనే గుర్తుపట్టాను.

రెండు రోజులు నేను అన్నం సరిగా తినలేదు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజు మధ్యాహ్నం షెడ్డు నుంచి ముకాదం వచ్చాడు. ముకాదం అంటే పనివాళ్లను కుదిర్చి, పని చేయించే పెద్ద. అతనూ మన తెలుగువాడే; శేఠ్ అందుకే అతన్ని పంపాడని ఇప్పుడు నాకు అర్థమవుతోంది. చేతిలో రెండు యాపిల్ పండ్లు, ఒక కాగితం. కాగితం గుజరాతీలో ఉంది. మా రెండు ఇళ్లలో గుజరాతీ చదవగలిగింది నేనొక్కదాన్నే గనుక చిన్నమ్మ నన్ను పైకి పిలిచింది. నా వెనకే తాత మెట్లెక్కి వచ్చాడు.

"ఏం లేదు బిడ్డా, అంతా రివాజే," అన్నాడు ముకాదం. "సదివి సెప్పు, మీ కాక ఏలిముద్ర ఏస్తడు, నేను పోత."

నేను చదవడం మొదలుపెట్టాను. షెడ్డువారు పనికి కావలసిన రక్షణ వస్తువులన్నీ ఇచ్చారని మొదటి వాక్యం. ఇంటి నుంచి తెచ్చుకున్న నాసిరకం మాస్కు కరగడం వల్లనే గాయమైందని రెండోది. ఇది పూర్తిగా తన అజాగ్రత్త అనీ, ఎవరినీ ఏమీ అడగననీ మూడోది. రెండో వాక్యం దగ్గర తడబడినా మూడోది కూడా చదివేసి, కాగితం కింద పడేసి ఏడ్చేశాను.

"గా మాస్కు నేనే ఇచ్చిన. తప్పంతా నాదే కాకా!"

ముకాదం ముఖం విప్పారింది. "సూసినవా తమ్మీ? పసిపిల్ల, అబద్ధమాడదు. ఎయ్యి ఇగ."

కాక కుడి బొటనవేలు ముందుకు చాచాడు. నిజానికి ఆ క్షణంలో ఆయన నన్ను ఓదార్చడానికే వేలిముద్ర వేసేలా ఉన్నాడు. వేస్తే తన మొహాన్ని తనే కాల్చుకున్నట్టు. వేయకపోతే పని పోయినట్టు. వీధిలో సగం గదులకు తాళాలు పడిన కాలంలో ఆ రెండోదానికి భయపడని ఇల్లు లేదు.

"జర ఆగు," అన్నాడు తాత. అంతవరకు ఆయన గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చిన్నమ్మను ఆ మాస్కు ముక్కా, ఆ రోజు కాక తొడుక్కున్న చొక్కా తెమ్మన్నాడు. అది షెడ్డు ఇచ్చిన నీలం రంగు యూనిఫారం. జేబు మీద షెడ్డు పేరు కుట్టి ఉంది.

నేసేవాళ్లకు ఒక పాత పరీక్ష ఉంది. దారం నూలుదో పాలిస్టర్‌దో తేల్చుకోవడానికి ఒక పోగు లాగి కాలుస్తారు. తాత ముందు తన భుజం మీది తువ్వాలు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించాడు. అది కాగితం కాలిన వాసనతో కాలి, వేళ్ల మధ్య బూడిదైపోయింది. తర్వాత మాస్కు పోగు. అది మంట చూడగానే ముడుచుకుని, నల్లటి పొగ వదిలి, కొసన బొట్టులా గట్టిపడింది. చివరికి నీలం చొక్కా అంచు నుంచి ఒక పోగు. అదీ ముడుచుకుంది, అదే పొగ, అదే నల్లటి బొట్టు. చల్లారాక రెండింటినీ నా అరచేతిలో పెట్టాడు.

"ఏడ్సుడు ఆపి, ఏది మాస్కుదో ఏది అంగిదో జెప్పు."

వేళ్లతో ఎంత నలిపి చూసినా చెప్పలేకపోయాను. తాత ముకాదం వైపు తిరిగాడు.

"మొకం మీద జానెడు గుడ్డ మేమిచ్చినం. ఒప్పుకుంటున్న. మెడ నుంచి నడుం దాంక ఉన్నది మీ శేఠ్ ఇచ్చిండు. నిప్పు పనిజేసేటోనికి గిసొంటి అంగి ఎట్లిచ్చిండు?"

"అరె పెద్దయ్యా, గది యూనిఫారం. అందరికీ అదే అంగి."

"అందరికీ అదేనా? మంచిది. గా మాట గూడ కాయితంల రాయించుకొని రా. నల్లద్దం ఎంతమందికి ఎన్ని ఇచ్చిండ్రో గూడ రాయించు. నా మనుమరాలు సదువుతది, గీ నీ తమ్ముడే ముద్ర ఏస్తడు."

ముకాదం కింద పడిన కాగితం తీసి మడుచుకున్నాడు. "రేపటి సంది రావద్దని శేఠ్ అంటే నన్ను అనొద్దు మల్ల," అన్నాడు. కాక బొటనవేలిని పిడికిట్లోకి మడిచాడు. కట్టు వల్ల నోరు పూర్తిగా తెరవలేక, ఒక పక్క నుంచే మాట్లాడాడు: "పండ్లు గూడ తీస్కపో అన్నా. నాకు నమలరాదు."

ఆ మాటకు చిన్నమ్మ నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. మూడు రోజుల్లో ఆమె ఏడవడం అదే మొదలు.

ముకాదం చెప్పినంత పనీ శేఠ్ చేశాడు. ఆ కాగితం తిరిగి రాలేదు, కాకను పనికీ పిలవలేదు. చాలా నెలలకు బమ్రోలి వైపు ఇంకొక షెడ్డులో ఆయనకు పని దొరికింది. చెంప మీది మచ్చ మాత్రం పోలేదు. ఎవరికీ ఏ శిక్షా పడలేదు. న్యాయం జరిగిందని ముగించడానికి నాకు మనసొప్పదు, జరగలేదు గనుక.

ముకాదం వెళ్లిపోయాక నేను కళ్లు తుడుచుకున్నాను. మనసు తేలికైంది, తప్పు మాది కాదని తేలిపోయిందనుకున్నాను. తాత ఆ తేలికదనాన్ని అక్కడితో ఆపేశాడు. "తప్పంతా నాదే అని ఏడ్సెటోళ్లంటే శేఠ్‌లకు శాన ఇష్టం," అన్నాడు. "అస్సలు నాది కాదన్నా గంతే. మన పాలు తప్పు మనం ఎంచుకోవాలె, వాళ్ల పాలు వాళ్లతోని ఎంచిపియ్యాలె." తర్వాత, మేము మాస్కులిచ్చిన వాళ్లలో నిప్పు దగ్గర పనిచేసేవాళ్ల పేర్లు అమ్మను అడిగాడు. మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసే ఒకాయన, పావ్ భట్టీలో రొట్టెలు కాల్చే ఇద్దరు, బండి మీద భజియాలు, అంటే బజ్జీలు, వేయించే ఒకామె. వాళ్ల ఇళ్లకు నన్నే పంపాడు. తాత పాత పంచెలు చింపి అమ్మ కుట్టిన తెల్ల మాస్కులు ఇచ్చి, మెరిసేవి వెనక్కి తీసుకోవాలి. ఎందుకని అడిగితే కారణం దాచకుండా చెప్పాలి. నాలుగు గుమ్మాల ముందు నిలబడి, నేనిచ్చిన గుడ్డ మా కాక మొహానికి అతుక్కుందని చెప్పాను. బాయిలరాయన నన్ను తిట్టాడు. భజియాల ఆమె తల నిమిరింది. ఆ నిమరడమే భరించడం కష్టమైంది.

తాత ఇప్పుడు లేడు. వీధిలో నేను కాగితాలు చదివే మనిషినయ్యాను. రంగులద్దే డైయింగ్ మిల్లులో చేయి నలిగినవారు, లూమ్ బెల్టులో వేలు పోగొట్టుకున్నవారు, మంటలో కాలినవారి ఇంటివారు వాటిని నా దగ్గరకు తెస్తారు. దాదాపు అన్నిటిలోనూ అజాగ్రత్త అనే మాట ఉంటుంది. దాని ముందు ఎప్పుడూ కూలివాడి పేరే ఉంటుంది. చదివి అర్థం చెప్పేముందు నేను వాళ్లను ఒకటే అడుగుతాను: ఆ రోజు మీ ఒంటి మీదికీ చేతిలోకీ వాళ్లు ఏమిచ్చారు? ప్రశ్న విని మొదట తడబడతారు, తర్వాత గుర్తుచేసుకుంటూ చెబుతారు, చెబుతూ చెబుతూ గొంతు పెంచుతారు. వాళ్లు చెప్పినదంతా ఆ కాగితం వెనకవైపు తెలుగులో రాసి ఇస్తాను. ముందువైపు వేలిముద్ర వేయాలో వద్దో వాళ్లే తేల్చుకుంటారు. వెనకవైపు రాసిన దానికి జవాబు తెచ్చిన ముకాదం మాత్రం ఇంతవరకు మా గుమ్మం తొక్కలేదు.