శుక్రవారం పడమటికి పోయిన బ్యాగు

నేను దయ్యాలను నమ్మను. దారిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయ కనబడితే పనిగట్టుకుని తొక్కి వెళ్లేవాణ్ణి. ఎవరైనా మంచం చుట్టూ తిరిగిన నీడ గురించి చెబితే, రాత్రి ఏం తిన్నారని అడిగేవాణ్ణి. ఇప్పుడు చెప్పబోయేది మా ఇంట్లోనే జరిగింది కాబట్టి నన్ను ఎవరూ అలా అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

మాది శాలిబండ. నేను కరెంటాఫీసులో గుమాస్తాని, తీరిక దొరికితే కథలు రాస్తాను. ఇంట్లో మేం ముగ్గురం: అమ్మ, నేను, తమ్ముడు మల్లేశ్. మల్లేశ్ బస్సు డిపోలో మెకానిక్. నేను రాసిన ఒక్క కథ కూడా చదవలేదు, కానీ వీధిలో అందరికీ నన్ను 'మా రైటర్ సాబ్' అని చూపించేవాడు.

ఆ ఏడాది చలికాలం చివర్లో మా రచయితల బృందం వికారాబాద్ గుట్టల దగ్గర టెంట్లు అద్దెకిచ్చే చోట రెండు రోజులు ఉండాలని అనుకుంది. శుక్రవారం మధ్యాహ్నం బయలుదేరాలి. నేను పుట్టి బుద్ధెరిగాక అడవిలో పడుకున్నది లేదు. గురువారం ఆఫీసుకు సెలవు పెట్టి బ్యాగు సర్దుకోవడానికి కూర్చున్నాను.

నా సర్దుడు చూసి మల్లేశ్ కడుపు పట్టుకుని నవ్వాడు. అప్పటికి బ్యాగులో పెన్నులు, రాసుకునే ప్యాడు, నాలుగు లావుపాటి పుస్తకాలు, ఒక చొక్కా ఉన్నాయి. టార్చ్ లేదు, తువ్వాలు లేదు.

"ఏందన్నా ఇది? పులి వస్తే కథ చెప్తవా? పాపం పులి, మస్తు పరేషాన్ అయితది" అన్నాడు.

మొత్తం నేల మీద గుమ్మరించి వాడే మళ్లీ సర్దాడు. టార్చ్, అగ్గిపెట్టె, ప్లాస్టిక్ పట్టా, తాడు పెట్టాడు. పుస్తకాలు తీసేసి ఒక్కటి మిగిల్చాడు. నా చొక్కాను కూడా తీసి పక్కన పడేసి, దాని జాగాలో తన మెరూన్ స్వెటర్ కుక్కాడు. కోఠీలో రోడ్డు పక్కన నేపాలీ వాళ్ల దగ్గర బేరమాడి కొన్నది, వాడికి ప్రాణం. గుట్టల మీద రాత్రి చలి ఉంటుందని, ఖరాబు చేస్తే తంతానని చెప్పాడు. తెల్లారి నేను తొడుక్కునే బట్టలు ఎలాగూ ఒంటి మీదే ఉంటాయి కదా అన్నాడు. నాకూ అది సబబుగానే తోచింది.

ఇక అమ్మ వచ్చింది. వికారాబాద్ మాకు పడమర. శుక్రవారం పడమటి ప్రయాణం వారశూల, పోతే కీడు. మా ఇళ్లల్లో దీనికి విరుగుడు ఉంది, పరస్థానం పెట్టడం. మంచి గడియ చూసి, ప్రయాణం చేసే మనిషి ఒంటి మీది బట్ట ఒకటి మూటలోనో బ్యాగులోనో పెట్టి ముందుగానే పక్కింట్లో ఉంచుతారు. బట్ట గడప దాటితే మనిషి దాటినట్టే లెక్క. మర్నాడు పోతూ పోతూ దాన్ని తీసుకుంటే శూల అంటదు. ఒకసారి బయట పెట్టినదాన్ని మాత్రం ప్రయాణం కాకుండా ఇంట్లోకి తేకూడదు.

నేను ఎప్పటిలాగే వెక్కిరించాను. అమ్మ వినలేదు. "పెద్దోడా, నీ బట్ట ఉన్నదారా అందుల?" అని అడిగింది. ఉందన్నాను. నా ఉద్దేశంలో బట్ట అంటే బట్టే. అమ్మ చీకటి పడకముందే బ్యాగు తీసుకెళ్లి పక్కింటి ఖాలా వరండాలో పెట్టివచ్చింది. ఖాలా అంటే పిన్ని; ఆమె ముస్లిం. ఆమెకు శూల గీల పట్టవు కానీ ముప్పై ఏళ్లుగా మా ఇంటి పరస్థానాలన్నీ ఆమె వరండాలోనే. మా నాన్న ఉన్నప్పటి నుంచీ అంతే.

శుక్రవారం పొద్దున మల్లేశ్ చాయ్ తాగి డ్యూటీకి పోయాడు. ఫలక్‌నుమా వంతెన దిగుతుంటే నీళ్ల ట్యాంకర్ కొట్టింది. నాకు ఫోన్ వచ్చేసరికే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు. నేను వెళ్లేసరికి అయిపోయింది. ముఖానికి దెబ్బ లేదు. నిద్రపోతున్నట్టు కూడా లేడు, చచ్చిపోయినట్టే ఉన్నాడు. మధ్యాహ్నమంతా శవాల గది బయట గోడకు ఆనుకుని నిలబడ్డాను. దగ్గర్లోని మసీదులో జుమ్మా నమాజు మైకులో వినిపించడం నాకు గుర్తుంది. ఆ సమయంలో వాడు తలుపు అవతల ఉన్నాడు. నేను ఇవతల ఉన్నాను. ఈ ఒక్క మాట మీద నేను ఎక్కడైనా ఒట్టు వేస్తాను.

సాయంత్రం వాణ్ణి తెచ్చిన బండి మా గల్లీలోకి వచ్చింది. అమ్మ గడపలో కూలబడి ఉంది, చుట్టూ ఆడవాళ్లు. నేను దిగుతుండగానే ఖాలా పరుగున వచ్చింది. ఆమె ఏడవడం లేదు. గాభరాగా ఉంది.

"అయ్యో, ఎవర్ని తెచ్చిన్రు బేటా? మల్లేశ్ కాదు. జుమ్మాకు మావోళ్లు పోయినంక మల్లేశ్ నా దగ్గర్కి వచ్చిండు గదా! బ్యాగ్ తీస్కపోయిండు. చలి పెడుతున్నది ఖాలా అన్నడు. అండ్లకెల్లి స్వెటర్ తీసి తొడుక్కున్నడు. గింత ఎండల స్వెటరేంది బేటా అన్న. నవ్వలే. రోజు నవ్విస్తడు గదా, నవ్వలే."

అమ్మ ఆ మాట విని లేచింది. అప్పటిదాకా ఇద్దరు పట్టుకుంటే తప్ప కూర్చోలేని మనిషి. "నా కొడుకు కాదట! వేరేటోళ్లట! చూడున్రి, చూడున్రి!" అంటూ బండి దగ్గరికి ఉరికింది. ముఖంలో నవ్వు. ఆ నవ్వు నేను ఈ జన్మకు మరచిపోలేను. నేను చెయ్యి పట్టుకుంటే విదిలించుకుని, తనే ముఖం మీది బట్ట తీసింది.

దేవుడనేవాడు ఉంటే, అమ్మకు ఆ కాస్త ఆశ ఎందుకు చూపించాడో నన్ను కలిసి చెప్పాలి.

ఖాలా వరండాలో బ్యాగు లేదు. ఆ రోజే నేను ఆమెను నిలదీశాను. కంటి ఆపరేషన్ అయిన మనిషివి, ఎవణ్ణో చూసి మా వాడనుకున్నావు, దొంగెవడో ఎత్తుకుపోయాడు అని గట్టిగా అరిచాను. ఆమె ఏడుస్తూ అల్లా కసం, మల్లేశే అంది. చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పిన పిల్లోణ్ణి గుర్తుపట్టనా అంది. నేను నమ్మలేదు. దొంగే అనుకున్నాను. అలా అనుకుంటే కొంచెం నిద్ర పట్టింది.

మర్నాడు కట్టె కాల్చి వచ్చాక ఫోన్ ఆన్ చేశాను. మా బృందంలోని నాగేశ్ చేశాడు. వాడికి చావు సంగతి తెలియదు. మాట్లాడనిచ్చాడు కాదు, తిట్లతోనే మొదలుపెట్టాడు. "ఏంది భాయ్, బ్యాగు పంపి నువ్వు ఎగ్గొట్టినవ్? నిన్న మేం వచ్చేసరికే నీ బ్యాగు టెంట్‌ల ఉన్నది."

ఎవరు తెచ్చారని అడిగాను. అక్కడి వాచ్‌మన్‌ని పిలిచి ఫోన్ ఇచ్చాడు. నేను ఏమీ అందించలేదు, ఆయన చెప్పిందే రాస్తున్నాను. మెరూన్ స్వెటర్ తొడుక్కున్న మనిషి ఒకాయన నడిచి వచ్చాడట. ఎండపూట స్వెటరేందని వాచ్‌మన్ నవ్వుకున్నాడట. ఆ మనిషి బ్యాగు దింపి, "మా అన్న ఎనుక వస్తడు. ఆయన జాగ ఉంచున్రి" అని చెప్పి గుట్టవైపు పోయాడట.

నేను ఫోన్ నేల మీద పెట్టేశాను. నాగేశ్ హలో, హలో అంటూనే ఉన్నాడు.

దినాలు కాకముందే నాగేశ్ బ్యాగు తెచ్చాడు, వాచ్‌మన్ మాటలు అమ్మకూ చెప్పాడు. టార్చ్, అగ్గిపెట్టె, పట్టా, తాడు, ఒక పుస్తకం, అన్నీ మల్లేశ్ సర్దినట్టే ఉన్నాయి. స్వెటర్ ఒక్కటే లేదు. అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడి దాన్ని లోపలికి తేనివ్వలేదు. ప్రయాణం కాని పరస్థానం ఇంట్లోకి రాకూడదంది. మళ్లీ ఖాలా వరండాలోనే పెట్టాం. స్వెటర్ ఎవరిదని అమ్మ అప్పుడే అడిగింది. మల్లేశ్‌దని, నా బట్ట అందులో ఒక్కటీ లేదని చెప్పాను. అప్పటి నుంచి నాకు అన్నం పెడుతుంది, ముఖం చూడదు.

చుట్టాల ముందే అంటుంది. "వీడు పోవాల్సిన తొవ్వ వాడు పోయిండు. వీడు కథలు రాసుకుంట కూసున్నడు." స్వెటర్ పెట్టింది నేను కాదమ్మా, వాడే అని ఎన్నిసార్లు చెప్పానో. శూల లేదు, ఏమీ లేదు, ట్యాంకర్ డ్రైవర్ చూసుకోలేదు, అంతే అని కూడా అరిచాను. అప్పుడు అమ్మ ఒకటే అడుగుతుంది, మరి బ్యాగు ఎవరు మోశారని. వాచ్‌మన్‌కు మా ఇల్లు తెలియదు, ఖాలాకు టెంట్ల సంగతి తెలియదు. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసింది లేదు.

మొన్నొక రోజు ఆ మాటలు పడలేక, ఈ ఇంట్లో ఉండను, ఎటైనా పోతానన్నాను. అమ్మ చాటలో బియ్యం ఏరుతోంది. ఎటు పోయినా వెనక్కి పిలిచి, కూర్చోబెట్టి, నీళ్లు తాగించి పంపే మనిషి. ఈసారి తలెత్తలేదు.

"పో" అంది. "నీ పరస్థానం బయటనే ఉన్నది. జాగ గూడ ఉంచిండు వాడు."

నేను ఎక్కడికీ పోలేదు. బ్యాగు ఇంకా ఆ వరండాలోనే ఉంది.