చంకనెక్కిన మందుపెట్టె

మా ఆవిడ మీద ఒట్టేసి చెబుదామంటే "నా జోలికి రాకు" అంది. సరే, నా రెండు మోకాళ్ళ మీద ఒట్టు. నాకున్న స్థిరాస్తి అవే. నేను ఏది చెప్పినా నాలుగింతలు చేసి చెబుతానని వైజాగ్‌లో మా వార్డంతా అంటుంది. అననివ్వండి. ఇది మాత్రం తగ్గించి చెబుతున్నాను. జరిగింది ఇంతకంటే ఎక్కువే...

నేను మగ నర్సుని. ఇరవై ఏళ్ళు వార్డులో సూదులు పొడిచి, ఇప్పుడు క్రోన్స్ జబ్బు మీద జరిగే ఒక పరిశోధనలో పని చేస్తున్నాను. క్రోన్స్ అంటే, ఒంటికి కాపలా కాయాల్సిన కణాలే దారి తప్పి సొంత పేగుల మీద పడి పుండ్లు చేస్తాయి. రోజుకి పది పన్నెండు విరేచనాలు, నెత్తురు, మెలితిప్పే నొప్పి. కొత్త మందు పని చేస్తుందో లేదో తేల్చడానికి కొందరికి మందూ, కొందరికి ఉత్త ఉప్పునీళ్ళూ ఎక్కిస్తాం. ఎవరికి ఏది పడుతోందో రోగికి తెలీదు, డాక్టరుకి తెలీదు. నాకు అసలే చెప్పరు. నా నోరు అలాంటిది.

మా పరిశోధనలో ఒక మనిషి సోంబారి. అరకు నుంచి జీపులో గంట, అక్కణ్ణుంచి కాఫీ తోటల్లో పడి అరగంట నడక. అరగంట అని వాళ్ళంటారు. నాకు ఒక జన్మ పట్టింది. ముప్పై ఏళ్ళ మనిషి, మొదటిసారి తూకం వేస్తే ముప్పై నాలుగు కిలోలు... అదీ వానకి తడిసిన చీరతో సహా. నాలుగు సూదులు పడ్డాక కాఫీ పళ్ళు కోయడానికి వెళ్తోంది. ఓ ఆదివారం సంతకి కూడా వెళ్ళొచ్చింది. "సంతలో ఒకపాలి కూడా తుప్పల్లోకి పరిగెత్తనేదు బాబూ. రాసుకో" అని నా పెన్ను తీసి నా చేతిలో పెట్టింది.

ఆ రోజు తీసుకెళ్ళింది ఐదో సూది. తుపాను వానకి దారి కొట్టుకుపోయి అప్పటికే వారం ఆలస్యం. మా నియమం ప్రకారం మర్నాడే ఆఖరి గడువు. దాటితే సోంబారి పేరు కొట్టేస్తారు. ఇంకో డోసు తెప్పించే వ్యవధి లేదు. పైగా సూదికి ముందు, తెల్లారి మొదటి విరేచనం డబ్బాలో పట్టి ల్యాబుకి తేవాలి. అందుకని ముందు రోజు రాత్రే వెళ్ళి వాళ్ళింట్లో పడుకోవాల్సి వచ్చింది. నా ఉద్యోగం గురించి మా ఆవిడ పుట్టింట్లో ఎందుకు చెప్పుకోదో మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఇక మందుపెట్టె. లోపల మంచు ప్యాకెట్లు. మందు రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్యే ఉండాలి. మూత మీద చిన్న మీటరు. ఎనిమిది దాటిందా, ఎర్ర లైటు వెలిగి అరనిమిషానికోసారి "పీక్" మంటుంది. దిగితే ఊరుకుంటుంది. మూతకి రెండు క్లిప్పులు... లాగితే ఎవరికైనా ఊడొస్తాయి. వెయ్యాలంటే మాత్రం ఎడమది లోపలికి నొక్కి పట్టి కుడిది పైకి తిప్పాలి. ఆ విద్య నేర్చుకోడానికి నాకు రెండు రోజులు పట్టింది, ఒక గోరు ఊడింది.

రాత్రి చోడి అంబలి తాగి పడుకున్నాం. అంటే రాగి అంబలి. చలి ఎలాంటిదంటే, నా పళ్ళు కొట్టుకునే చప్పుడికి కోళ్ళు లేచాయి. అయినా పొయ్యి సెగ తగలకూడదని, పెట్టెని దూరంగా నా తల దగ్గర పెట్టుకుని నా శాలువా దానికి కప్పాను.

సోంబారి అత్త సుకిరి అది చూసింది. "ఏటి బాబూ, నీకు నేకుండా ఆ పెట్టెకి కప్పేసినావు?"

"అందులో నీ కోడలి ప్రాణం ఉంది సుకిరమ్మా" అన్నాను, గొప్పగా.

ఆ గొప్పే నా కొంప ముంచింది...

సోంబారి మొగుడు గాసి గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. జీలుగు కల్లు తాగిన మనిషి. ఆ గురక... కిరండూల్ గూడ్సు బండి మూడు ఇంజన్లతో ఘాటీ ఎక్కుతున్నట్టే. ఆ గురకలోనే ఎప్పుడో నిద్రపట్టింది.

ఎందుకు మెలకువ వచ్చిందో తెలీదు.

గురక వినిపిస్తోంది. దాని వెనకాల... ఎక్కడో...

"పీక్."

చెయ్యి చాచాను. నేల తగిలింది. పెట్టె లేదు. నా శాలువా మాత్రం నాలుగు మడతలు పెట్టి ఉంది... చాకలి ఇస్త్రీ చేసి తెచ్చినట్టు.

"పీక్."

ఇంట్లో కాదు. బయట. గాసి కాళ్ళు దాటి చూశాను. తలుపు జానెడు తెరిచి ఉంది.

బయట మంచు. పిడకలు చేసి గోడకి కొట్టుకోవచ్చు, అంత చిక్కన. సెల్లు లైటు వేస్తే మంచులో నా చెయ్యి ఒక్కటే తేలుతూ కనపడి, అది ఇంకెవరి చెయ్యో అని హడలిపోయాను. "సోంబారీ" అన్నాను. కాఫీ తుప్పల మధ్యకి దిగాను. ఆకుల మీంచి నీళ్ళు రాలుతున్నాయి... టప్... టప్... 

"పీక్."

పది అడుగుల ముందు. కొంచెం కింద. నడిచాను. ఆగాను. ముప్పై లెక్కపెట్టాను.

"పీక్."

మళ్ళీ పది అడుగుల ముందు. ఇంకొంచెం కింద.

నేను ఆగితే అది ఆగుతోందా, నేను నడిస్తే నడుస్తోందా... ఆ లెక్క తేల్చుకునేంత ధైర్యం నాకు లేదు. పారిపోదామనే అనుకున్నాను. ఒట్టు. కాళ్ళు వెనక్కి తిరిగాయి కూడా. కానీ ఆ పెట్టె లేకుండా పొద్దున్న సోంబారి మొహం ఎలా చూడను? "రాసుకో" అన్న మనిషి ఆవిడ...

అప్పుడు కనిపించింది. ఎర్ర లైటు.

నేల మీద లేదు. నా నడుం ఎత్తున ఉంది. మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది. మీరు చూసే ఉంటారు... ఏడిచే బిడ్డని చంకనేసుకుని ఆడవాళ్ళు నడిచేప్పుడు, ఒక అడుక్కి ఇటు, ఒక అడుక్కి అటు... అచ్చం అలా. మనిషి కనపడలేదు. మంచులో ఆ లైటు ఒక్కటే.

"పీక్" మంది.

వెంటనే... ఇది నా చెవులతో విన్నాను...

"ఊ... ఊ... ఊ..."

పాట కాదు. మాట కాదు. పసిపిల్లల్ని ఊరుకోబెడతారే, ఆ చప్పుడు. ముసలి గొంతు. నా ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. తల మీద ఉంటే అవీ లేచేవి.

భయంతో పాటు ఇంకోటి కూడా కలిగింది. చెబితే నవ్వుతారు. ఆ చప్పుడికి నాకు నిద్రొచ్చింది. నిలబడే కళ్ళు మూతలు పడ్డాయి.

ముప్పై లెక్కపెట్టాను. అరవై. నూరు.

పీక్ మనలేదు.

కళ్ళు తెరిస్తే లైటు లేదు. నీళ్ళ గలగల వినిపించింది. గెడ్డ. అంటే కొండవాగు. దేక్కుంటూ దిగాను. పెట్టె ఊట దగ్గర, మెడదాకా నీళ్ళలో ఉంది. కొట్టుకుపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చి ఉన్నాయి. మూత మీద అడ్డాకులు కప్పి ఉన్నాయి. రెండు క్లిప్పులూ... వేసి ఉన్నాయి. ఎడమది నొక్కి, కుడిది తిప్పి... సరిగ్గా.

మీటరు ఏడు చూపిస్తోంది.

పెట్టెని కావిలించుకుని ఎలా ఎక్కానో తెలీదు. ఇల్లంతా లేపాను. గాసిని లేపడానికి చెంబుడు నీళ్ళు పట్టాయి.

సుకిరి పెట్టెని చూసి గుండెలు బాదుకుంది. "పొయ్యికాడ నానే ఎట్టినాను బాబూ! సలికి వణికిపోతాది గదా అని. నీ సాలువా నానే మడతెట్టినాను. మూత కూడా తెరిసి ఎట్టినాను, లోపల్దాకా ఎచ్చ తగలాల గదేటి!"

కొండచలిలో అతిథిని పొయ్యి పక్కన పడుకోబెట్టడం ఆ ఇంటి మర్యాద. కోడలి ప్రాణం అన్నాను కదా, దానికీ మర్యాద చేసింది.

"మరి గెడ్డలో ఎందుకు పెట్టావు?"

"గెడ్డకా! నాకు రేసీకటి. రేత్రి పూట గుమ్మం దాటనేను. నీ ఒట్టు."

గాసి వైపు చూశాను. "నన్నేటి సూత్తావు బాబూ? నన్ను లేపినోడివి నువ్వే గదా" అన్నాడు, తడిసిన తల తుడుచుకుంటూ.

"సోంబారీ, నువ్వా? రాత్రి బయటికి వెళ్ళావా?"

"నేదు బాబూ. పడుకునే ఉన్నాను. ఒకపాలి కూడా లెగనే..." అని ఆగిపోయింది. వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెట్టుకుంది. "అత్తా! నాను రేత్రంతా లెగనేదే!"

సుకిరి కోడలి తల దగ్గరికి లాక్కుని ఏడ్చింది. అత్తాకోడళ్ళు అలా ఏడుస్తుంటే, నేను వణకాలో సంతోషించాలో తెలీక రెండూ చేశాను.

తెల్లారాక డబ్బా పని అయింది. సిగ్నలు కోసం కొండెక్కి, మా ఫార్మసీకి ఫోను చేసి మీటరు లెక్క చదివాను. ఎనిమిది దాటి ఇరవై నాలుగు నిమిషాలు. అరగంట దాకా ఫరవాలేదని మా స్టడీ నియమం. "ఇవ్వండి" అన్నారు. ఆ రాళ్ళలో రప్పల్లో పడి పరిగెత్తుకుంటూ దిగాను. సూది వేస్తుంటే సుకిరి ఆ ఖాళీ పెట్టెని రెండు చేతులతో నిమురుతోంది.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. మాకో ఫారం ఉంటుంది. మందు ఏ వేళ ఎవరి చేతిలో ఉందో పేరు రాసి సంతకం చెయ్యాలి. వైజాగ్ నుంచి పొయ్యి దాకా రాశాను. సుకిరి వేలిముద్ర కూడా వేసింది. ఆ తర్వాతి గడిలో "తెలియదు" అని రాశాను. అబద్ధం రాయడం నాకు చేతకాదని కాదు... ఆ గడిలో చెయ్యి ఆడలేదు.

కాగితాలు తనిఖీ చేసే అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోను చేసింది. "తెలియదు అంటే కుదరదు సార్. ఊళ్ళో ఎవరైనా అయ్యుంటారు, కనుక్కోండి."

మళ్ళీ కొండెక్కి కనుక్కున్నాను. ఉన్నవే పద్దెనిమిది ఇళ్ళు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి ఆ పెట్టె క్లిప్పులు వెయ్యమని అడిగాను. ఒక్కరికీ చేతకాలేదు.

మళ్ళీ ఫోను చేసింది. "పోనీ, ఆడా మగా అయినా చెప్పండి సార్."

"ఆడమనిషేనమ్మా" అన్నాను.

"చూశారా?"

"లేదు."

"మరెలా చెబుతున్నారు?"

పెట్టె ఏడుస్తుంటే ఊరుకోబెట్టిందమ్మా... అని చెప్పాను. ఆ పిల్ల గొంతు తగ్గించి, "ఊరుకుందా సార్?" అని అడిగింది.