తమ్ముడి పుట్టినరోజు సంచులు

నిన్న సాయంత్రం మా మనవరాలి మీద అరిచాను. ఎనభై అయిదు దాటిన మనిషి అలా అరిస్తే బీపీ పెరుగుతుందని ఇంటిల్లిపాదీ కంగారుపడ్డారు గాని, ఎందుకు అరిచానో ఎవరికీ అర్థం కాలేదు. వచ్చే ఆదివారం దాని కూతురికి నాలుగో పుట్టినరోజు. వచ్చిన పిల్లలు వెళ్లేటప్పుడు చేతికిచ్చే సంచుల్లో ఏం పెట్టాలా అని సోఫాలో కూర్చుని ఫోన్లో వెతుకుతోంది. రంగు పెన్సిళ్లు, బుడగలు ఊదే సీసా, స్టిక్కర్లు, ఏనుగు ఆకారంలో రబ్బరు. నేనూ కళ్లజోడు పెట్టుకుని సరదాగానే చూస్తున్నాను. ఇంతలో అది, "వాచ్‌మన్ పిల్లలకీ పనమ్మాయి కూతురికీ ఇవన్నీ ఎందుకులే అమ్మమ్మా, తలో చాక్లెట్ ఇచ్చి కిందనుంచే పంపించేద్దాం" అంది. ఆ మాటలో దానికి ఏ దురుద్దేశమూ లేదు. ఉప్పు అయిపోయింది తెప్పించాలి అన్నంత మామూలుగా అంది. అందుకే నాకు ఒళ్లు మండింది. ఆ మంట నిన్నటిది కాదని దానికి ఎలా తెలుస్తుంది?

నూజివీడులో మాది మామిడి వ్యాపారం చేసే ఇల్లు. వేసవి వచ్చిందంటే మా పెరటి పాకలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. రెడ్డిగూడెం వైపు తోటల నుంచి బళ్ల మీద కాయ దిగుతుంటే ఆడవాళ్లు వరసగా కూర్చుని ఏరేవారు, వరిగడ్డి పరిచి గంపలకెత్తేవారు. మజ్జిగ తాగినా పచ్చికాయ వాసనే. స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవిలో మా తమ్ముడికి మూడేళ్లు నిండాయి. అంతకు కొద్ది రోజుల ముందే నాన్న పని మీద బెజవాడ వెళ్లి, అక్కడ ఎవరో రైల్వే ఆఫీసరుగారింట్లో పిల్లవాడి పుట్టినరోజు చూసొచ్చారు. మా ఇంట్లో పుట్టినరోజంటే తలంటు, కొత్త చొక్కా, పాయసం, గుళ్లో అర్చన. అక్కడ కేకు కోశారట, వెళ్లేటప్పుడు పిల్లలందరికీ తలో గుడ్డసంచీ ఇచ్చారట. నాన్నకి ఆ సంచులు మహా నచ్చేశాయి. కేకు ఎలా చేస్తారో మా వీధిలో ఎవరికీ తెలియదు కనక అమ్మ రవ్వకేసరిని ఇత్తడి గిన్నెలో అదిమి పళ్లెంలో బోర్లించింది. అది పడుతూనే ఒక పక్కకి ఒరిగి, కోసేదాకా అలిగినట్టే కూర్చుంది.

సంచులు దర్జీ కుట్టిచ్చాడు, మొత్తం ముప్ఫై. వాటిల్లో ఏం పెట్టాలో చూసే పని నా మీద పడింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. మూడేళ్ల పిల్లలకి ఏం కావాలో నాకేం తెలుసు? మా తమ్ముణ్ణి ఎత్తుకోవడానికే ఇంట్లో నలుగురుండేవారు. తెలిసింది నా నేస్తానికి. వాళ్లమ్మ మా పాకలో కాయ ఏరేది. ఇది తల్లి పక్కన కూర్చుని కాయలకి ముచ్చికలు తుంచేది. ముచ్చిక తుంచగానే సొన చిమ్ముతుంది, పడ్డచోట చర్మం కాలి నల్లగా పొక్కుతుంది. వేసవంతా దాని బుగ్గల మీదా మోచేతుల మీదా ఆ మచ్చలే, వానలు పడేసరికి మానిపోయేవి. నాకంటే ఒక ఏడాది పెద్దది. నలుగురిలో ఉన్నప్పుడు నన్ను "అమ్మాయిగారూ" అనేది, గడ్డివామి వెనక్కి వెళ్లగానే "ఒసే" అనేది. ఇంట్లో అందరూ నన్ను బంగారుతల్లి అని పిలిచేవారు గాని, ఆ "ఒసే" ముందు ఆ ముద్దుపేరు దిగదుడుపే.

గోళీలు పెడదామన్నాను. "నీ మొహం. చిన్నోళ్లు నోట్లో ఏసుకుని మింగేత్తారు" అంది. పోనీ ఈలలు పెడదామంటే, "ఒక్క పూట ఊదనిచ్చి మీ నాయనమ్మే పొయ్యిలో పడేత్తది" అంది. దాని వెనక చెల్లెళ్లు ముగ్గురు. ఏ వస్తువు పిల్లల్ని ఏడిపిస్తుందో, ఏది జుట్లు పట్టుకునేదాకా తెస్తుందో దానికి కొట్టినపిండి. అందుకే అన్ని సంచుల్లోనూ ఒకే రకం, ఒకే రంగు ఉండాలని పట్టుబట్టింది. చివరికి ఒక పంచదార చిలక, పుట్నాలూ బెల్లం ముక్కా కట్టిన పొట్లం, మైలవరం సంతకి వచ్చే చిన్న కొయ్యపిట్ట, తాటాకు పంకా అని తేల్చాం. పంకా దాని ఆలోచనే. రెండు ఆకు ముక్కలు మడిచి పుల్లకి గుచ్చి, పట్టుకుని పరిగెత్తితే గిర్రున తిరుగుతుంది. అందరూ తుమ్మముల్లు గుచ్చుతారు. కళ్లలో పొడుచుకుంటారని ఇది ముల్లు వద్దని, కొబ్బరీనె ముక్కలు తెచ్చి వాటి కొసలు కూడా అరుగుకేసి రుద్ది అరగదీసింది. పని దిగాక నాలుగు సాయంత్రాలు కూర్చుని, సొనకి మండే వేళ్లతోనే ముప్ఫై పంకాలు చేసింది. నేను ఆకు ముక్కలు అందించాను, అంతే. ముప్ఫైలో నాలుగు సంచులు దానివీ దాని చెల్లెళ్లవీ అని, అందరిలాగే వీధి గుమ్మంలోంచి రమ్మని, నేనే నోరారా చెప్పాను.

వచ్చారు. తలకి నూనె రాసుకుని, బిగించి జడలేసుకుని, చిన్నదాన్ని ఇది చంకనెత్తుకుని వచ్చారు. ఆ చిన్నది మెట్ల దగ్గర్నుంచే రెండు చేతులూ చాపేసింది. మా నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది. ఏకాదశి ఏకాదశికీ చీమలపుట్ట దగ్గర నూకలు చల్లి రమ్మని నన్ను పంపే మనిషి ఆవిడ. నా నేస్తం బుగ్గల మీది మచ్చలకేసి వేలు చూపిస్తూ, వసారాలో ఉన్న ఆడవాళ్లందరికీ వినపడేలా, "అయ్యయ్యో, ఆ పిల్లకి గజ్జండీ! మన పిల్లలకి అంటుకుంటుంది. ఏయ్, అక్కడే ఆగవే!" అంది.

గజ్జి! మామిడికాయ అమ్ముకుని అన్నం తినే ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి సొన పొక్కుకీ గజ్జికీ తేడా తెలియదా? ఆ వారమే ఆవకాయకి కాయ కొట్టిస్తుంటే చిమ్మి, ఆవిడ ముంజేతి మీద రూపాయంత మచ్చ పడింది. దానికి కొబ్బరినూనె రాసింది నేనే. వచ్చిన ఆడవాళ్లు మాత్రం? వాళ్లూ మామిడి వ్యాపారుల ఇళ్లవాళ్లే, వాళ్లకీ తెలుసు. తెలిసి కూడా చీర కుచ్చెళ్లు దగ్గరికి లాక్కున్నారు, పిల్లల్ని వెనక్కి లాక్కున్నారు. అంతమంది పెద్దవాళ్లు ఒక అబద్ధాన్ని కూడబలుక్కున్నట్టు నమ్మడం నేను చూడటం అదే మొదలు.

నాయనమ్మ పనామెని పిలిచి, నాలుగు కాగితం పొట్లాల్లో మరమరాలు పోయించి, దొడ్డి గుమ్మం దగ్గర ఇమ్మంది. వాళ్లు ఇంకా మెట్ల మీదే ఉన్నారు. ఈలోగా ఒకావిడ, అప్పటికే సంచీ విప్పేసిన కొడుకు చేతిలోంచి పంకా తీసుకుని ఊది చూసి, "ఎంత ముచ్చటగా ఉందండీ, ఎవరు చేశారేంటి?" అని అడిగింది. "మా మనవరాలేనండీ, నాలుగు రోజులు కూర్చుంది పాపం" అంది నాయనమ్మ. అందరూ నా వైపు తిరిగారు. మెట్ల మీద నుంచి నా నేస్తం కూడా నన్నే చూసింది. నేను అనాల్సినవి రెండే ముక్కలు. అది గజ్జి కాదు, సొన. ఇవి నేను చెయ్యలేదు, అది చేసింది. ఈ రెండూ నాకు నోటికి వచ్చు. నేను నవ్వాను. పదిమందీ మెచ్చుకుంటే సిగ్గుపడుతూ పిల్లలు నవ్వుతారే, అలా తల వంచుకుని నవ్వాను.

మర్నాడు నాలుగు సంచులు పరికిణీ చాటున దాచుకుని గడ్డివామి దగ్గరికి వెళ్లాను. అది గంపల్లోకి గడ్డి లాగుతోంది. "తీసుకోవే, ఇవి మీవే" అన్నాను.

"ఎందుకండీ అమ్మాయిగారూ" అంది. చుట్టుపక్కల నరపురుగు లేదు. నేను ఏడుపు మొహం పెట్టాను. అది గడ్డి లాగుతూనే, "మా చిన్నది నిద్దరోయేదాకా ఏడిసింది. పంకా ఏదే అక్కా, పంకా ఏదే అని. దానికోటి ముందే చేసిచ్చేదాన్ని. సంచిలో వత్తది గదా అని చెయ్యలేదు" అంది. సంచులు ముట్టుకోలేదు. కాయ అయిపోయేదాకా ఆ నెలంతా నాకు అమ్మాయిగారూ తప్ప ఇంకో పిలుపు లేదు. మరుసటి వేసవికి వాళ్లమ్మ వేరే వాళ్ల పాకలో పనికి కుదిరింది. మళ్లీ దాన్ని నేను చూడలేదు.

నిన్న ఇదంతా చెప్పాక మా మనవరాలు ఫోన్ మీద వేలితో రెండుసార్లు నొక్కి, "అందరికీ ఒకే సంచులు ఆర్డర్ పెట్టేశాను అమ్మమ్మా, ఇంక అరవకు" అంది. అంత తేలిగ్గా అయిపోయింది. నా కోపం మాత్రం తగ్గలేదు. నాయనమ్మ మీద కోపం, ఆవిడ మంచాన పడ్డాక గ్లాసుతో నీళ్లు పట్టిస్తూ పట్టిస్తూ ఉండగా ఎప్పుడు పోయిందో పోయింది. తల వంచుకుని నవ్విన పిల్ల మీద కోపమే పోలేదు. నాకు ఏళ్లు మీదపడుతూనే ఉన్నాయి, దానికి మాత్రం ఇప్పటికీ తొమ్మిదే. ఎంత అరిచినా, ఆ వసారాలో దాని నోరు నేను తెరిపించలేను.