సుద్దముక్కల డబ్బా

"గంట మోగగానే గేటు దాటి రోడ్డు మీదికి పరిగెత్తితే?"

నమస్కారం లేదు, ఫలానా అని చెప్పుకోవడం లేదు. స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి అతను ఆ ఒక్క ప్రశ్నా వదిలాడు. లోపల మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చున్న రెండో తరగతి టీచరు తలెత్తింది.

"ఎవరు పరిగెత్తితే? మీరా? ఈ మోకాలితో నేనా?"

బడంతా ఆవిణ్ణి ఈల టీచరంటారు. ఇరవై ఏళ్లు పిల్లల చేత డ్రిల్లు చేయించి, మోకాలు అరిగాక రెండో తరగతికి వచ్చింది. మెడలో ఈల ఇంకా వేలాడుతూనే ఉంది. ఊదదు, తియ్యదు.

అతనిది రంగుల కంపెనీ ల్యాబులో ఉద్యోగం. ఇవాళ్టి డబ్బాలో రంగు నిన్నటి డబ్బాలో రంగులాగే ఉందో లేదో చూడటం పని. ఏ రోజుకా రోజు కొత్తగా ఉండేది ఇంట్లో కూతురే. పిట్ట అని పిలుచుకుంటారు. ఆటిజం ఉంది. పెద్ద చప్పుళ్లు పడవు. పాత బడిలో గంట కొట్టినప్పుడల్లా బయటికి పరుగు తీస్తోందని, మర్యాదగా మాట్లాడి పంపించేశారు. ఈ బడి హెడ్‌మిస్ట్రెస్ ఒక్క నెల అందరి పిల్లలతో కలిపి కూర్చోబెట్టి చూస్తామంది. మిగతావాళ్ల చదువు చెడకపోతేనే ఉంచుతారు.

అందుకే అతను సెలవులన్నీ గంటకే అంకితం చేశాడు. బడి గంటను ఫోనులో రికార్డు చేసుకుని, మొదట గుసగుసలా, తర్వాత కొంచెం కొంచెం పెంచుతూ పిట్టకి వినిపించాడు.

"ఆ గంటకి చేసిన సేవ నాకు చేసుంటే నేనూ మోగేదాన్నండీ" అంది భార్య.

ఇదంతా ఈల టీచరుకి పూసగుచ్చినట్టు చెప్పాడు. ఒక్క సంగతి మాత్రం చిన్నదే కదా అని వదిలేశాడు.

మొదటిరోజు గంట మోగింది. పిట్ట పరిగెత్తలేదు. తిన్నగా టీచరు దగ్గరికొచ్చి చెయ్యి చాపింది. పాపం ఆకలేమో అనుకుని ఆవిడ తన డబ్బాలోంచి అరటిపండు ముక్క పెట్టింది. మళ్లీ గంట, మళ్లీ చెయ్యి. రెండురోజులు తిరక్కుండానే గంట మోగితే చాలు, తరగతి తరగతంతా చేతులు చాపుకుని వరసలో నిలబడింది. సరిగ్గా అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ అటుగా వచ్చింది.

"ఇది తరగతా, హోటలా?"

"హోటలైతే నాకో కుర్చీ అయినా దొరికేది మేడం. కూర్చున్నానా, లేపుతున్నారు!"

హెడ్‌మిస్ట్రెస్ నవ్వలేదు. "వచ్చే శుక్రవారం వచ్చి చూస్తాను. ఇలాగే ఉంటే నెల దాకా అక్కర్లేదు" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఈల టీచరు తండ్రిని నిలబెట్టింది. "గంట మోగితే మీ పిల్లకి తిండి గుర్తొస్తోంది. ఎవరి పుణ్యం?"

అతని మొహం పాలిపోయింది. "చెవులు మూసుకోనప్పుడల్లా... ఒక బిస్కెట్ పెట్టేవాణ్ణండీ."

ఆవిడ నవ్విన నవ్వుకి మెడలో ఈల ఎగిరెగిరి పడింది. "మీ కంపెనీలో రంగులకి కూడా బిస్కెట్లు పెడతారా?"

"మాన్పించేస్తాను. మళ్లీ ఇంట్లో మొదట్నించీ..."

"మీరు దేన్నీ ముట్టుకోకండి బాబూ, మీకో దణ్ణం! చెయ్యి చాపడం వచ్చిందిగా. అందులో ఏం పెట్టాలో నేను చూసుకుంటాను."

మర్నాడు గంట మోగగానే ఈల టీచరు పిట్ట చేతిలో సుద్దముక్క పెట్టింది. పిట్ట వాసన చూసింది, మొహం చిట్లించింది. టీచరు రేకు డబ్బా మూత తీసి ముందు పెట్టింది. సుద్దముక్క అందులో పడింది. తర్వాతి గంటకి పిట్ట డబ్బా మొత్తం బోర్లించి, ముక్కలన్నీ పొడుగు వారీగా పేర్చి పెట్టింది. మిగతావాళ్లకీ తలా ఓ ముక్క దొరికింది కానీ, సుద్ద తినలేం కదా అని వరస దానంతటదే కరిగిపోయింది.

అంతా సాఫీగా ఏమీ సాగలేదు. ఒకరోజు డబ్బా కనబడక పిట్ట నేలమీద పడి ఒకటే కేకలు. డబ్బాని బీరువాలో పెట్టి మర్చిపోయింది ఈల టీచరే. కుంటుకుంటూ వెళ్లి తెచ్చి, "నా బుర్ర కూడా అరిగిపోయిందే తల్లీ" అని పక్కనే చతికిలబడింది. పిట్ట కేకలు ఆగాక, ఆవిణ్ణి లేపడానికి నలుగురు పిల్లలు కావలసి వచ్చారు.

శుక్రవారం. హెడ్‌మిస్ట్రెస్ వెనక బెంచీలో కూర్చుని ఏదో రాసుకుంటోంది. తండ్రి సెలవు పెట్టి వరండాలో స్తంభం చాటున దాక్కున్నాడు. స్తంభం కంటే అతనే వెడల్పు.

గంట మోగింది. టీచరు ఇచ్చిన సుద్దముక్క డబ్బాలోకి వెళ్లింది. పిట్ట అక్కడితో ఆగలేదు. నడుచుకుంటూ వెళ్లి హెడ్‌మిస్ట్రెస్ ముందు చెయ్యి చాపింది. స్తంభం వెనక నుంచి తండ్రి తల బయటికొచ్చింది.

"ఏం కావాలమ్మా?"

పిట్ట చెయ్యి ఇంకాస్త ముందుకి చాపింది. పిల్లలే అరిచారు: "ఇచ్చెయ్యండి మేడం! గంట కొట్టేశారు!"

ఆవిడ అయోమయంగా పెన్ను ఇచ్చింది. పిట్ట దాన్ని పొడుగు చూసి, తగినచోట పెట్టి మూత వేసేసింది.

"నా పెన్ను..."

"దిగులు పడకండి మేడం. నా కళ్లజోడు కూడా అందులోనే ఉంది" అంది ఈల టీచరు.

హెడ్‌మిస్ట్రెస్ పిల్లల వైపు తిరిగింది. "మీ చదువేమైనా చెడుతోందా?"

ముందు బెంచీ అమ్మాయి లేచింది. "చదువు చెడట్లేదు మేడం. పెన్సిళ్లే పోతున్నాయి."

హెడ్‌మిస్ట్రెస్ చీరకొంగుతో నోరు తుడుచుకున్నట్టు నటించింది. "సరే, ఉండనివ్వండి. నెల కాదు, ఏడాదంతా. పెన్ను మాత్రం సాయంత్రానికి నా గదికి రావాలి."

ఆవిడ మలుపు తిరిగిందో లేదో, స్తంభం చాటు నుంచి తండ్రి ఊడిపడ్డాడు. "మరి పై ఏడాది టీచరు మారితే? డబ్బా మారితే? పిట్ట..."

ఈల టీచరు సంచీలో చెయ్యి పెట్టి, ఒక బిస్కెట్ తీసి అతని అరచేతిలో పెట్టింది. ఆ రోజు నుంచీ గేటు దగ్గర పిట్టని దింపేటప్పుడు అతని బుగ్గ ఉబ్బే ఉంటోంది. బిస్కెట్ పెడుతూ ఆవిడ చెప్పిందల్లా ఇంతే:

"భయం వేసినప్పుడల్లా ముందు ఒకటి నోట్లో వేసుకోండి. నమిలి మింగాక కూడా ఆ ప్రశ్న మిగిలుంటే, అప్పుడు రండి."