రెండు చెవుల గొర్రెపిల్ల

శుక్రవారం పొద్దున అప్పాలక్క ఎవరితోనూ మాట్లాడేది కాదు. మొక్కూ కాదు, పంతమూ కాదు. అచ్చు పొయ్యి మీద పెట్టాక కబుర్లలో పడితే అప్పం మాడుతుంది, అంతే. ఆ పని నేర్పిన అత్తగారు మొదటిరోజే చెప్పింది: "నోరు కట్టేసుకో, ముక్కు తెరిచి పెట్టుకో. మాడబోయే ముందు వాసనే చెబుతుంది."

ఆదివారం చర్చిలో పూజప్పుడు ఫాదర్‌గారు ఆశీర్వదించి అందరికీ పంచే పలచటి గుండ్రటి అప్పాలు అప్పాలక్క ఇంట్లోనే తయారయ్యేవి. గోధుమపిండి, నీళ్లు. ఇంకేమీ పడకూడదు, ఉప్పు కూడా. అచ్చంటే పెద్ద పటకారులాంటిది, చివర రెండు ఇనుప పలకలు. వాటికి తేనెమైనం రాసి, గరిటెడు పిండి పోసి, మూసి, ఇటు ఇరవై లెక్కపెట్టి అటు తిప్పాలి. తెరిస్తే కాగితంలాంటి రేకు వస్తుంది. వెంటనే కోస్తే పెళపెళా విరిగిపోతుంది. తడిగుడ్డ కప్పి మెత్తబడనిచ్చి, అప్పుడు చిన్న గొట్టంతో ఒక్కొక్క గుండ్రమూ నొక్కి తీయాలి. ప్రతి గుండ్రం మీదా గొర్రెపిల్ల బొమ్మ ఉంటుంది. అచ్చు చెక్కినవాడు ఏ తొందరలో ఉన్నాడో గానీ అన్ని గొర్రెపిల్లలకూ ఒక్కటే చెవి పెట్టాడు. "మన పాటలు వినలేక రెండోది తీసేసుకుందిలే" అని గాయకబృందం వాళ్లే నవ్వుకునేవాళ్లు.

అత్తగారు పోయాక ఆ అచ్చు ఆమె చేతికి వచ్చింది. దానికి ఇరవై ఆరేళ్లయింది. అసలు పేరు చర్చి రిజిస్టర్లో తప్ప ఎక్కడా మిగలలేదు. చిన్నా పెద్దా అందరికీ అప్పాలక్కే. పగలు దర్జీ కొట్లో కాజాలు కుట్టేది. భర్త పోయి పన్నెండేళ్లయింది. పిల్లల్లేరు. ఉన్నదల్లా తమ్ముడు.

తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు, ఆమెకు పదిహేడు. పెళ్లిమాటలు వచ్చినప్పుడు "నాతోపాటు వీడూ వస్తాడు, ఇష్టమైతే చూడండి" అని ముందే తేల్చి చెప్పింది. అత్తగారు వాణ్ణి ఎగాదిగా చూసి, "తింటాడా, తిప్పలు పెడతాడా?" అని అడిగి, ఒప్పుకుంది. పెద్దయ్యాక ఏ పనిలోనూ కుదురుగా నిలవకపోతే అప్పటి ఫాదర్‌గారి కాళ్లావేళ్లా పడి గుడిలో పెట్టించింది అక్కే. గంట కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం, పూజవస్త్రాల గది సర్దడం వాడి పని. అది మటుకు వాడికి అతికినట్టు సరిపోయింది.

ప్రతి శుక్రవారం సాయంత్రం వచ్చి, ఖాళీ డబ్బా ఇచ్చి, నిండు డబ్బా పట్టుకెళ్లేవాడు. గుమ్మంలోనే ఒక మాట అనేవాడు: "థ్యాంక్స్ అక్కా. అంతా నీ చేతి చలవ." వారమంతా ఎవరూ ఆమెతో అలాంటి మాట అనరు. ఆ మాట కోసమే శుక్రవారం రావాలన్నట్టు ఉండేది ఆమెకు.

ఆ ఏడాది వేసవి చివర కొత్త ఫాదర్‌గారు వచ్చారు. వయసులో చిన్నవాడు, మాట నెమ్మది. నవంబరు మొదట్లో వచ్చే సకల పునీతుల పండుగకు రెండు వారాల ముందు ప్రసంగంలో ఒక సంగతి చెప్పారు. "పీఠాల మీద నిలబెట్టిన పునీతులను ఎలాగూ తలుచుకుంటాం. మీ ఇంట్లో, మీ వీధిలో దేవుడు మీకిచ్చిన పునీతులు ఎవరు? ఒక్కరి పేరు చీటీ మీద రాసి, ఎందుకు కృతజ్ఞులో ఒక్క వాక్యం రాయండి. బుట్టలో వేయండి. పండుగనాడు కొన్ని చదువుతాను."

అప్పాలక్క మూడు రోజులు కాజాలు కుడుతూనే ఆలోచించింది. దర్జీ ఏడిపించాడు. "అంత ఆలోచనెందుకక్కా, నా పేరు రాసెయ్. కిటికీ పక్క కుర్చీ నీకే ఇచ్చాగా."

"నీ పేరు రాస్తే ఆ బుట్ట కూడా నవ్వుతుంది" అంది ఆమె.

చివరికి రాసింది: నా తమ్ముడికి. ఇన్నేళ్లలో ఒక్క శుక్రవారం కూడా నా పనిని చులకన చేయనందుకు.

పండుగనాడు గుడి కిక్కిరిసిపోయింది. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఎప్పుడూ కుడివైపు మొదటి బల్లలో చివరన కూర్చునేది. కానీ ఆరోజు ముందు బల్లలన్నీ ఆ ఏడాది చనిపోయినవాళ్ల కుటుంబాలకు కేటాయించారు. "అక్కా, ఇవాళ్టికి నువ్వు ఇంట్లోనే ఉండకూడదా? మోకాళ్లు వాచి ఉన్నాయిగా" అని తమ్ముడు పొద్దున్నే వచ్చి అడిగాడు. పండుగపూట ఇంట్లో ఎలా ఉంటానురా అని ఆమె నవ్వేసింది. వచ్చి వెనక ద్వారం పక్కన, పసిపిల్లల తల్లుల మధ్య కూర్చుంది.

ఆ ఏడాది పోయినవాళ్లవీ, ఇళ్లవాళ్లు రాసిచ్చిన పాతవాళ్లవీ మృతుల పేర్లు చదివారు. అత్తగారి పేరు వచ్చినప్పుడు లేచి నిలబడింది. తర్వాత సత్ప్రసాదం, అంటే ఆ ఆశీర్వదించిన అప్పం, అందుకోవడానికి వరుసలో నడిచింది. ఆమె వంతు వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఫాదర్‌గారు "క్రీస్తు శరీరం" అన్నారు. ఆమె "ఆమెన్" అని చేయి చాచింది.

అరచేతిలో పడ్డ అప్పం బరువే వేరుగా ఉంది. తెల్లగా, నున్నగా, అంచు గీతగీసినట్టు. దాని మీద గొర్రెపిల్ల ఉంది. దానికి రెండు చెవులున్నాయి.

వెనకవాళ్లు ఆగి ఉన్నారు. ఆమె దాన్ని నోట్లో పెట్టుకుంది. గోధుమ వాసన లేదు, పొయ్యి వాసన లేదు. నాలుక మీద ఊరికే కరిగిపోయింది. ఎవరు చేసినదైనా అందులో ఉన్నది ప్రభువేనని ఆమెకు తెలుసు. అదే ఆమెను ఇరకాటంలో పెట్టింది. నోట్లో ఉన్నదాని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా వీల్లేదు.

తిరిగి వెళ్లి కూర్చుని తనకు తనే సర్ది చెప్పుకుంది. ఇవాళ జనం ఎక్కువ. తనవి చాలక ఎక్కడో తెప్పించి ఉంటారు. అంతే అయ్యుంటుంది.

అప్పుడు ఫాదర్‌గారు బుట్ట దగ్గరకు తెప్పించుకుని చీటీలు చదవడం మొదలుపెట్టారు. ఒకామె తన పొరుగింటి నర్సుకు, ఒకాయన తనకు చదువు చెప్పిన టీచరమ్మకు కృతజ్ఞతలు రాశారు. నాలుగో చీటీ అప్పాలక్కది. "నా తమ్ముడికి. ఇన్నేళ్లలో ఒక్క శుక్రవారం కూడా నా పనిని చులకన చేయనందుకు." ఎవరు రాశారో అందరికీ ఇట్టే తెలిసిపోయింది. తలలు వెనక్కి తిరిగాయి. పీఠం పక్కన నిలబడ్డ తమ్ముడు మాత్రం తల ఎత్తలేదు. చేతిలో ఉన్న కొవ్వొత్తి ఆర్పే కర్ర వైపే చూస్తున్నాడు.

ఫాదర్‌గారు ఆ చీటీని మడిచి నవ్వారు. "ఈ అక్కగారికి మనమే కృతజ్ఞత చెప్పాలి. ఇరవై ఆరేళ్లు పూజకు అప్పాలు చేసి, చూపు సహకరించడం లేదని, మోకాళ్లు నొప్పులని, నాలుగు నెలల కిందట తనంతట తానే విశ్రాంతి అడిగారు. పదవులు పట్టుకుని వేలాడే రోజుల్లో ఇంత వినయం అరుదు. ఒక్కసారి చప్పట్లు."

గుడంతా చప్పట్లు మోగాయి. పక్కనున్న తల్లి ఒడిలో పాప కూడా చేతులు తట్టింది. అప్పాలక్క చేతులు ఒళ్లోనే ఉన్నాయి. మొన్న శుక్రవారం కూడా ఆమె పొయ్యి ముందు నోరు కట్టేసుకుని కూర్చుంది. మొన్న శుక్రవారం కూడా డబ్బా నింపి ఇచ్చింది.

పూజ అయ్యాక జనం ఆవరణలో పలకరించుకుంటుంటే ఆమె పూజవస్త్రాల గదిలోకి వెళ్లింది. తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఆమె వస్తుందని తెలిసినట్టే.

"నావి ఎక్కడున్నాయిరా?"

కిటికీ కింద పాత కర్రపెట్టె ఉంది. వాడి చూపు ఒక్క క్షణం అటు పోయి వచ్చింది. ఆమె వంగి మూత ఎత్తింది. చిరిగిన అంగీలు రెండు తీసి పక్కన పడేసింది. కింద అన్నీ అప్పాలే. పైవి ఇంకా బాగానే ఉన్నాయి. చెయ్యి లోపలికి పెడితే మధ్యవి మెత్తగా తగిలాయి, అడుగువి బూజు పట్టి ఒకదానికొకటి అంటుకుపోయాయి.

"ఎవరో ఫిర్యాదు చేశారక్కా" అన్నాడు వాడు గోడవైపు చూస్తూ. "రెండుసార్లు మాడినవి వచ్చాయి. ఒకసారి వెంట్రుక. ఫాదర్‌గారు కోప్పడలేదు. సిస్టర్ల కాన్వెంటులో మెషీన్ మీద చేసేవి తెప్పిస్తాను, మీ అక్కకు నువ్వే మెల్లగా చెప్పు అన్నారు. నీ గుమ్మం దాకా వచ్చాను. నువ్వు డబ్బా చేతిలో పెట్టావు. నోరు రాలేదు."

"ఆ వారం నోరు రాలేదు. మరి తర్వాత వారం?"

"ఎలా చెప్పనక్కా? నీకున్నదే అది."

"విశ్రాంతి అడిగానని ఎవరు చెప్పారు?"

"ఒప్పుకుందా అని అడిగారు. ఏదో ఒకటి చెప్పాలిగా."

ఆమెకు ఇంకొకటి గుర్తొచ్చింది. "మరి నాకు ప్రతి ఆదివారం నావే ఎలా వచ్చాయి? నేను తిన్నానుగా. నాకు తెలియదా నా అప్పం?"

వాడు కింద పడ్డ అంగీ తీసి మడత పెట్టసాగాడు. "మొదట నీ బల్ల నుంచే ఇస్తారుగా. నీవి ఓ పది పైన పెట్టేవాణ్ణి. పాతవి మిగిలాయి ఫాదర్, అయిపోనిద్దాం అని చెప్పేవాణ్ణి."

అప్పాలక్క పెట్టె అంచు పట్టుకుని నిలబడింది. చెప్పలేకపోవడం వేరు. వారం వారం కూర్చుని, లెక్కగా పది ఏరి, పైన పేర్చడం వేరు. తను ఎత్తుకుని పెంచిన పిల్లాడు తన కళ్లకు గంతలు కట్టాడు. అది కూడా ఎంతో శ్రద్ధగా, పీఠం మీద గుడ్డ సర్దినంత శ్రద్ధగా.

"మరి థ్యాంక్స్ ఎందుకు చెప్పావురా? డబ్బా తీసుకుని ఊరికే పోవచ్చుగా. నిన్నెవరడిగారు ఆ మాట?"

వాడు ముందుకు వంగాడు. "అక్కా, నేను మోస్తాను" అంటూ పెట్టెకు చేయి వేయబోయాడు.

"ముట్టుకోకు."

ఆమె రెండు గోనెసంచులు తెచ్చుకుని అన్నీ ఎత్తింది. వాచిన మోకాళ్లతోనే రెండుసార్లు తిరిగింది ఇంటికీ గుడికీ. బాగున్నవి నీళ్లలో నానబెట్టి పక్షులకు వేసింది. బూజువి పెరట్లో గొయ్యి తీసి పూడ్చింది. అచ్చుకు మైనం రాసి, గుడ్డలో చుట్టి, అటక ఎక్కించింది.

సంగతి తెలిసి ఫాదర్‌గారు మర్నాడే ఇంటికొచ్చారు. చెప్పులు విడిచి గుమ్మంలోనే ఆగిపోయారు. "నాదే తప్పమ్మా. నేనే వచ్చి చెప్పాల్సింది. అందరి ముందూ చప్పట్లు కొట్టించాను. వచ్చే ఆదివారం అసలు విషయం చెప్పేస్తాను."

"వద్దు ఫాదర్‌గారూ. ఒకసారి చప్పట్లు కొట్టించారు, చాలు." ఆమె కుర్చీ చూపించింది. "మాడినవి నిజంగానే వచ్చాయా?"

"వచ్చాయమ్మా."

"ఆ మాట నాకు చెప్పి ఉంటే నేనే అచ్చు కడిగి మీ చేతిలో పెట్టేదాన్ని."

"పండుగలకైనా మీరే చేయండి. అడుగుతున్నాను."

"జాలికి చేసే అప్పాలు నాకు చేతకావు" అంది ఆమె. ఆయన మంచినీళ్లు తాగి వెళ్లారు.

తర్వాత ఆదివారాలు ఆమె పూజకు వెళ్లడం మానలేదు. కానీ ప్రార్థనలో "కృతజ్ఞతలు చెల్లింతము" అనే చోటుకొచ్చేసరికి నోరు మూసుకుపోయేది. ఎవరైనా బాగున్నావా అక్కా అని అడిగితే, ఈ మాట వెనక ఏ పెట్టె ఉందో అనిపించేది. దర్జీ కాజా చూసి బాగుందంటే మళ్లీ తీసి వెలుతురుకు పెట్టి చూసుకునేది. తమ్ముడు తీసుకుపోయింది అప్పాలను కాదు, మంచిమాట వింటే నమ్మే గుణాన్ని.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం, దారం ఎక్కిస్తుంటే అత్తగారు మనసులోకి వచ్చింది. పక్కపక్కన పొయ్యి ముందు కూర్చున్న ఏళ్లలో ఆవిడ ఒక్కనాడు కూడా బాగుందనలేదు. మాడితే మాడిందనేది. వంకరైతే వంకరనేది. ఏమీ అనకపోతే ఆ రేకు డబ్బాలోకి వెళ్లేది. అప్పట్లో అది చాలా కష్టంగా ఉండేది. ఎన్నోసార్లు పెరట్లోకి వెళ్లి ఏడ్చింది కూడా. చీటీ రాయమన్నప్పుడు ఆవిడ పేరు తట్టనే లేదు. ఆమె సూది పక్కన పెట్టి, "అత్తయ్యా, నీకు రాయాల్సింది" అనుకుంది. నెల తర్వాత మొదటిసారి మనసులో కృతజ్ఞత అన్నది కదిలింది. అది ఎక్కువసేపు ఉండలేదు గానీ, వచ్చింది.

చలికాలం మొదట్లో తమ్ముడు దర్జీ కొట్టుకు వచ్చాడు. చేతిలో ఫాదర్‌గారి పొడుగు అంగీ. కాజాలన్నీ వదులైపోయాయి, తిరగ కుట్టాలి. మనిషి చిక్కిపోయాడు. దర్జీ అంగీ తీసుకుని ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆమె కాజాలు వేలితో తడుముతూ అడిగింది. "కొత్త అప్పాలు ఎలా ఉన్నాయిరా?"

"నీవాటి ముందు అవెంతక్కా..."

ఆమె తలెత్తి చూసింది. వాడు ఆగిపోయాడు.

"బాగానే ఉన్నాయి. విరగడం లేదు. అన్నీ ఒక్కలా ఉంటాయి. ఎవరూ ఏమీ అనడం లేదు."

ఆ మాట సూది గుచ్చుకున్నట్టే తగిలింది. కానీ వాడి నోటి నుంచి ఇన్నాళ్లకు అనుమానం లేకుండా తీసుకోగలిగిన మాట అదొక్కటే.

"సరే. బుధవారం వచ్చి పట్టుకెళ్లు."

వాడు కదల్లేదు. "అక్కా, శుక్రవారం ఒకసారి ఇంటికి రానా?"

"రావద్దు" అంది ఆమె, దారం పంటితో తెంపుతూ. "రమ్మనాలనిపిస్తే నేనే కబురు పెడతాను. అప్పటిదాకా రావద్దు."

వాడు తలూపి మెట్లు దిగి వెళ్లిపోయాడు. దర్జీ మిషను తొక్కడం మొదలుపెట్టాడు. అప్పాలక్క అంగీని కిటికీ వైపు తిప్పుకుని, మెడ దగ్గరి మొదటి కాజా కుట్లు విప్పసాగింది.